రీఫ్ ట్యాంకుకి మెటల్ హాలైడ్ లైటు: ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

"నాది నాలుగడుగుల ట్యాంకు. 250 వాట్ పెట్టాలా, 400 పెట్టాలా?"

చెన్నైలోనో బెంగళూరులోనో రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టుకున్న మనవాళ్లు మెటల్ హాలైడ్ (గ్రౌండ్ల ఫ్లడ్‌లైట్లలో వాడే రకం, బాగా వెలుగిచ్చే బల్బు) గురించి మొదట అడిగేది ఇదే. ట్యాంకు పొడవు చెబుతారు, లోతు చెప్పరు. లోపల ఏం పెంచుతున్నారో చెప్పరు. చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) ఉందో లేదో అసలే చెప్పరు. వాట్ ఎంతన్నది తేల్చేవి ఆ మూడే. పొడవును బట్టి తెలిసేది ఎన్ని బల్బులు కావాలన్నది మాత్రమే.

తొందరలో ఉన్నవాళ్లకి జవాబు ముందే చెప్పేస్తాను. నీళ్ల లోతు 18 అంగుళాల లోపు ఉంటే 150 వాట్. 18 నుంచి 24 అంగుళాలైతే 250 వాట్. 400 వాట్ ఇక్కడి ఇళ్లలో దాదాపు ఎవరికీ అక్కర్లేదు. ఒక్కో బల్బు సుమారు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మేర వెలుగిస్తుంది కాబట్టి నాలుగడుగుల ట్యాంకుకి రెండు బల్బులు. ఎందుకు, ఎలా అన్నది తెలియాలంటే కింద చదవండి.

ఎల్ఈడీలు ఇంత దూరం వచ్చాక హాలైడ్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. ట్యాంకు చిన్నది, ఇల్లు అద్దెది, చిల్లర్ కొనే ఉద్దేశం లేదు అంటే ఇక్కడే ఆగి మంచి ఎల్ఈడీ కొనుక్కోండి, టెన్షన్ ఉండదు. నీళ్ల అడుగున ఇసుక మీద కదిలే వెలుగు గీతలు, ట్యాంకు మూలమూలకీ సమంగా పరుచుకునే వెలుతురు ఇష్టపడి, దానికయ్యే ఖర్చుకి సిద్ధపడేవాళ్ల కోసమే ఇది.

కావలసినవి

- మెటల్ హాలైడ్ బల్బులు, వాటికి సరిపడే హోల్డర్లు, రిఫ్లెక్టర్లు
- బల్బుకి జతపడే బల్లాస్ట్, అంటే బల్బుకి వెళ్లే కరెంటుని అదుపు చేసేది. మన ఎలక్ట్రీషియన్లు చోక్ అంటారు. దాంతోపాటు ఇగ్నైటర్ (బల్బుని ముట్టించేది), కెపాసిటర్
- యూవీని ఆపే టెంపర్డ్ గాజు పలక (డబుల్ ఎండెడ్ బల్బయితే తప్పనిసరి, ఆ రకం సంగతి 5వ మెట్టులో)
- 16 ఆంపియర్ టైమర్, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), నమ్మకమైన ఎర్తింగ్
- వేలాడదీయడానికి గొలుసు లేదా స్టీలు తీగ, లేదంటే ట్యాంకు వెనక నిలబెట్టే ఫ్రేము
- డిజిటల్ థర్మామీటర్, ఫ్యాన్లు, చెన్నైలో అయితే చిల్లర్
- కిటికీలకి వాడే దోమల మెష్ నాలుగైదు ముక్కలు (ఎందుకో 9వ మెట్టులో)
- పార్ మీటర్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుతురుని కొలిచేది) అద్దెకో అరువుకో దొరికితే మంచిది, లేకపోతే లక్స్ మీటర్ (మన కంటికి కనిపించే వెలుతురుని కొలిచేది)

1. లోపల ఏం ఉండబోతోందో ముందు రాసుకోండి

ఇంటర్నెట్‌లో కనిపించే అమెరికా లెక్కలు ఎక్కువగా అక్రోపోరా లాంటి రాతి కోరల్స్ పెంచేవాళ్లవి. 400 వాట్ మాట అక్కణ్నుంచే వస్తుంది. మన సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో రీఫ్ కట్టే రాతి కోరల్స్ అన్నీ ఉన్నాయి. నల్ల కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అందులోనివే. ఏనుగుకీ పులికీ ఉన్న రక్షణే వీటికీ ఉంది. రామేశ్వరం వైపు నుంచి వచ్చిందని ఎవరైనా రాతి కోరల్ ముక్క చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోకండి. "ఇంపోర్టెడ్ సార్" అంటే కాగితాలు చూపించమనండి. చూపించలేకపోతే బయటికి నడవండి.

అందుకే ఇక్కడి లెక్కంతా సాఫ్ట్ కోరల్స్ కోసమే: మష్రూమ్‌లు, జోయాంథిడ్లు, లెదర్ కోరల్స్, జీనియా. వీటికి కావలసిన వెలుతురు పార్ లెక్కలో సుమారుగా ఇలా ఉంటుంది. మష్రూమ్‌లకి 50 నుంచి 100. జోయాలకి 80 నుంచి 150. లెదర్ కోరల్స్‌కి 100 నుంచి 200. క్లౌన్ ఫిష్ కోసం ఎనిమోన్ (ఆ చేప దాక్కునే సముద్ర జీవి) పెట్టాలనుకుంటే 200 దగ్గర ఉండే చోటు ఒకటి కావాలి. రాతి కోరల్స్ అడిగే 300, 400 మీకు అక్కర్లేదు. మీరు కొనబోయే వాట్ సగానికి సగం తగ్గేది ఇక్కడే.

2. లోతు కొలిచి వాట్ తేల్చుకోండి

అద్దం ఎత్తు కాదు, ఇసుక పైభాగం నుంచి నీటిమట్టం దాకా కొలవండి. 24 అంగుళాల ట్యాంకులో మూడంగుళాల ఇసుక పోసి, పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే నీళ్ల లోతు 19 అంగుళాలే. అంటే 150కీ 250కీ మధ్య సరిహద్దులో ఉన్నారు. అలాంటప్పుడు చిన్నదే తీసుకోండి. ఎక్కువ వెలుతురు కావలసిన వాటిని రాయి మీద పైన పెట్టుకోవచ్చు. 250 వాట్ వేడి ఎక్కువైతే మాత్రం దాన్ని తగ్గించే ఉపాయం ఖర్చు లేకుండా దొరకదు.

ట్యాంకు వెడల్పు రెండడుగులు దాటితే ముందు, వెనక అంచులు మసకగా ఉంటాయి. అది లోపం అనుకోకండి, మష్రూమ్‌లకి ఆ అంచులే ఇష్టం.

3. వేడి లెక్క, కరెంటు లెక్క

ఈ మెట్టు దాటేసి కొన్నవాళ్లే తర్వాత సగం ధరకి అమ్ముకుంటారు.

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 28 దాటితే జాగ్రత్తపడాలి. 30 దగ్గర రోజుల తరబడి ఉంటే కోరల్స్ తెల్లబడటం మొదలవుతుంది. ఇక చెన్నై సంగతి మీకు తెలిసిందే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో లైటు వేయకుండానే ట్యాంకు 30కి చేరుతుంది.

కాబట్టి బల్బు కొనకముందే ఒక పరీక్ష చేయండి. ట్యాంకులో నీళ్లు, పంపులు మాత్రమే నడుస్తుండగా వారం పాటు మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. ఎండాకాలంలో చేస్తేనే దీనికి అర్థం. డిసెంబర్‌లో చేసి సంబరపడకండి. మధ్యాహ్నం అంకె 27 లోపు ఉంటే ఫ్యాన్లతో నెట్టుకురావచ్చు. 28 దాటితే హాలైడ్ ధరకి చిల్లర్ ధర కలిపి చూసుకోండి, అదే అసలు ధర.

బెంగళూరువాళ్లకి కాస్త వెసులుబాటు ఉంది. రాత్రుళ్లు చల్లబడతాయి, మార్చి, ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది. నీటి మీదికి ఏటవాలుగా రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. చెన్నైలో సముద్రపు గాలి తేమ వల్ల నీళ్లు అంతగా ఆవిరి కావు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, అంకె కదలదు. ఫ్యాన్ పనిచేసిన చోట నీళ్లు త్వరగా తగ్గుతాయి, ఉప్పు చిక్కబడుతుంది. రోజూ ఆర్ఓ డీఐ నీళ్లు (ఫిల్టర్లతో లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు) పోయాలి. ఉప్పునీళ్లు కాదు, ఉప్పు కలపని ఆ నీళ్లే.

చిల్లర్ కొంటే దాన్ని ట్యాంకు కింద అల్మారాలో పెట్టి తలుపు మూయకండి. అది నీళ్లలోంచి లాగిన వేడిని అక్కడే వదులుతుంది, మళ్లీ అదే వేడి గాలి పీలుస్తుంది. బాల్కనీలోకి పైపు తీసుకెళ్లడం ఉత్తమం. 300, 400 లీటర్ల ట్యాంకు మీద రెండు 250 వాట్ బల్బులుంటే చెన్నైలో పావు హార్స్‌పవర్ చిల్లర్ కనీసం. గది ఏసీది కాకపోతే ఒక సైజు పెద్దదే చూడండి. ఏసీ గది అయినా లైట్ల వేడి ఏసీ మీద పడుతుంది. 500 వాట్ లైటు ఒక టన్ను ఏసీ పనిలో సుమారు ఏడో వంతు తినేస్తుంది.

ఇప్పుడు కరెంటు. మామూలు రాగి చోక్ 250 వాట్ బల్బుకి దాదాపు 280 వాట్ లాగుతుంది. రోజుకి 7 గంటలు వెలిగితే 2 యూనిట్లు, నెలకి 60. రెండు బల్బులకి 120. 150 వాట్ బల్బు ఒక్కటైతే నెలకి 36 యూనిట్ల దగ్గర తేలుతుంది. ఎండాకాలంలో చిల్లర్ కూడా లైటు తినేంత తినొచ్చు. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది కాబట్టి రెండు బల్బులు బిల్లులో 240 యూనిట్లుగా కనిపిస్తాయి. 500 దాటితే స్లాబు రేట్లే మారిపోతాయి. బెంగళూరులో గృహజ్యోతి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) వాడుకుంటున్నవాళ్లు మరీ చూసుకోవాలి. నెలకి 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లూ కట్టాల్సిందే. ఇప్పటి మీ వాడకం 130 ఉంటే రెండు 250 వాట్ బల్బులతో ఆ గీత దాటేస్తారు. ఒక 150తో దాటరు.

4. రంగు ఎంచుకోండి

బల్బు పెట్టె మీద 6500, 10000, 14000, 20000 కెల్విన్ అని ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ నీలం పెరుగుతుంది, అదే వాట్‌లో పార్ తగ్గుతుంది. 6500 పసుపు తిరుగుతుంది కానీ వెలుతురు దండిగా ఇస్తుంది, ఇవాసాకి కంపెనీ బల్బులకి పేరొచ్చింది దీంతోనే. 20000 కంటికి లోతు సముద్రంలా నీలంగా ఉంటుంది, రేడియం అనే కంపెనీ బల్బుకి ఇప్పటికీ అభిమానులున్నారు.

సాఫ్ట్ కోరల్స్ ట్యాంకుకి నా ఓటు 14000కి. విడిగా నీలం ట్యూబులు లేకుండానే కంటికి బాగుంటుంది, పార్ కూడా చాలుతుంది. 10000 తీసుకుంటే తెల్లగా, కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది. పక్కన రెండు నీలం టీ5 (సన్నటి రకం) ట్యూబులైట్లు కావాలి. ఆ ట్యూబులు హాలైడ్‌కి గంట ముందు వెలిగి గంట తర్వాత ఆరితే సాయంత్రం, వేకువ కూడా దొరుకుతాయి, అదొక ముచ్చట.

ఒక హెచ్చరిక. చెన్నై బ్రాడ్‌వే వైపో బెంగళూరు చిక్కపేట, ఎస్పీ రోడ్డు వైపో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ఫ్లడ్‌లైట్ హాలైడ్ బల్బులు చవక. కానీ అవి గ్రౌండ్లకీ హోర్డింగులకీ చేసినవి, 4000, 5000 కెల్విన్ దగ్గర ఉంటాయి. ట్యాంకు పసుపుపచ్చగా కనిపిస్తుంది, నాచు పండగ చేసుకుంటుంది. అంతకన్నా ఘోరం, తొందరలో సోడియం బల్బు చేతిలో పెట్టేవాళ్లున్నారు. పెట్టె మీద మెటల్ హాలైడ్ అనీ కెల్విన్ అంకె అనీ చదివాకే డబ్బివ్వండి. చోక్, హోల్డర్, కెపాసిటర్ మాత్రం ఆ షాపుల్లోనే కొనొచ్చు, అక్కడ కొనడమే తెలివి.

5. సింగిల్ ఎండెడా, డబుల్ ఎండెడా

సింగిల్ ఎండెడ్ అంటే పెద్ద ఎడిసన్ మరతో ఒకవైపు బిగిసేది. దీనికి బయట ఇంకో గాజు గొట్టం ఉంటుంది, యూవీని అదే చాలావరకు ఆపుతుంది. డబుల్ ఎండెడ్ సన్నంగా రెండు చివరలా బిగుస్తుంది. రిఫ్లెక్టర్ చిన్నదైనా వెలుతురు బాగా పడుతుంది కానీ బయటి గాజు ఉండదు. అందుకని ఫిట్టింగ్‌కి గాజు పలక లేకుండా ఒక్క నిమిషం కూడా వెలిగించకండి. కోరల్స్ మాడతాయి, మీ కళ్లు మండుతాయి. సింగిల్ ఎండెడ్‌లో బయటి గాజు పగిలినా లోపలి గొట్టం వెలుగుతూనే ఉండొచ్చు. పగులు కనిపించిన క్షణమే ఆపేయండి.

150 వాట్‌లో డబుల్ ఎండెడ్ సులువుగా దొరుకుతుంది. 250లో రెండూ ఉన్నాయి. మరో రెండేళ్లకి కూడా దొరుకుతుందనుకున్న రకం తీసుకుని, ఒక బల్బు అదనంగా కొని పెట్టుకోండి. ఎల్ఈడీల దెబ్బకి హాలైడ్ బల్బుల రకాలు ఏటేటా తగ్గుతున్నాయి.

6. చోక్ జత కలపండి

బల్బుకి తగని చోక్ వేస్తే ఒక్కోసారి వెలుగుతుంది కూడా. అదే ప్రమాదం. రంగు మారుతుంది, బల్బు నెలల్లోనే చస్తుంది, లేదా పగులుతుంది. మన దగ్గర దొరికే 230 వోల్టుల చోక్ మీద బల్బు కరెంటు ముద్రించి ఉంటుంది. 150 వాట్ డబుల్ ఎండెడ్‌కి 1.8 ఆంపియర్, 250 డబుల్ ఎండెడ్‌కి 3 ఆంపియర్. బల్బు పెట్టె మీది అంకె, చోక్ మీది అంకె ఒకటే ఉండాలి. అమెరికా బల్బుల మీద ఆంపియర్ బదులు కోడ్ ఉంటుంది: 150 డబుల్ ఎండెడ్‌కి ఎం81, 250 సింగిల్ ఎండెడ్‌కి ఎం58, 250 డబుల్ ఎండెడ్‌కి ఎం80.

అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడున్న బావమరిది ట్యాంకు ఎత్తేస్తూ "నా బల్లాస్టులు తెస్తాను" అంటే సున్నితంగా వద్దనండి. అక్కడివి ఎక్కువగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసినవి. నేరుగా పెడితే కాలిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 50 హెర్ట్జ్ దగ్గర రాగి చోక్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. రిఫ్లెక్టర్లు మాత్రం తెప్పించుకోండి, మంచి రిఫ్లెక్టర్ ఇక్కడ దొరకడమే కష్టం.

రాగి చోకా, ఎలక్ట్రానిక్ చోకా? ఎలక్ట్రానిక్ తేలిక, శబ్దం లేదు, కొంచెం తక్కువ తింటుంది. రాగి చోక్ బరువు, గుయ్‌మంటుంది, కానీ వోల్టేజీ ఎగుడుదిగుళ్లు తట్టుకుంటుంది, పోతే రేపటికల్లా ఇంకోటి దొరుకుతుంది. మీ వీధిలో వోల్టేజీ ఎలా ఉంటుందో మీకే తెలుసు. రాగి చోక్ వాడితే కెపాసిటర్ తప్పక పెట్టించండి. అది లేకపోతే లైను మీద రెట్టింపుకి పైగా కరెంటు నడుస్తుంది, వైర్లూ టైమరూ వేడెక్కుతాయి.

7. వేలాడదీయండి

గాజు పలక నుంచి నీటిమట్టానికి 8 నుంచి 12 అంగుళాలు. మొదట 12 దగ్గర మొదలుపెట్టి తర్వాత దించండి. 8 కన్నా కిందికి దించితే వేడి పెరుగుతుంది, ఉప్పునీటి తుంపరలు పలక మీద పేరుకుంటాయి.

సొంతిల్లయితే సీలింగ్‌లో యాంకర్ బోల్టులు. అద్దె ఇంట్లో స్లాబుకి చిల్లు పెట్టనివ్వరు కాబట్టి, ట్యాంకు స్టాండు వెనక నుంచి లేచి ముందుకి వంగే ఇనుప పైపు ఫ్రేము వెల్డింగ్ షాపులో చేయించి పెయింటు వేయించండి. ట్యాంకు అద్దం అంచుల మీద ఫిట్టింగ్‌ని ఆనించవద్దు.

8. వైరింగ్

ఇది సొంతంగా చేసుకునే పని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీరు చూసుకోవలసినవి ఇవి. ఇగ్నైటర్ బల్బుని ముట్టించేటప్పుడు కొన్ని వేల వోల్టుల పల్స్ పంపుతుంది. చోక్ నుంచి బల్బు దాకా వేడికీ హై వోల్టేజీకీ తట్టుకునే సిలికాన్ వైరే వాడమనండి. ఇంట్లో మిగిలిన మామూలు వైరు వద్దు. ఫిట్టింగ్ లోహం మొత్తానికీ, రిఫ్లెక్టర్‌కి కూడా ఎర్త్ ఉండాలి. చోక్‌ని నేల మీద, సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) పక్కన పెట్టవద్దు, గాలి ఆడేలా గోడకి చెక్క పలక మీద బిగించండి. ప్లగ్గులోకి వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లాలి, తీగ వెంట జారిన నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

ఇన్వర్టర్ మీద హాలైడ్ పెట్టకండి. ఇన్వర్టర్ ఉన్నది రిటర్న్ పంపుకీ (సంప్ నుంచి నీళ్లు పైకి పంపేది) వేవ్‌మేకర్‌కీ (ట్యాంకులో నీళ్లని కదిలించేది). 2016లో వర్దా, 2023లో మిచౌంగ్ తుఫాన్లు వచ్చినప్పుడు చెన్నైలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. రెండు మూడు రోజులు వెలుతురు లేకపోయినా కోరల్స్ బతుకుతాయి. నీళ్లు కదలకపోతే గంటల్లోనే ప్రాణాల మీదికి వస్తుంది.

9. టైమరు, మొదటి నెల

హాలైడ్ రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. దాన్ని సాయంత్రానికి మార్చండి. ఐదింటికి వెలిగి పదకొండున్నరకి ఆరేలా పెడితే మధ్యాహ్నపు ఎండ, లైటు వేడి ఒకదాని మీద ఒకటి పడవు, మీరు ఆఫీసు నుంచి వచ్చి చూసుకోవచ్చు కూడా. కోరల్‌కి పగలంటే లైటు వెలిగే వేళే. కిటికీ ఎండ మాత్రం నేరుగా పడకూడదు. రెండు బల్బులుంటే పావుగంట తేడాతో ముట్టించండి.

కొత్త లైటు కింద కోరల్స్‌ని ఒక్కసారిగా పెట్టకూడదు. ట్యాంకు మీద దోమల మెష్ మూడు నాలుగు పొరలు పరచండి, రోజుకి 3 లేక 4 గంటలతో మొదలుపెట్టండి. నాలుగైదు రోజులకోసారి ఒక పొర తీయండి, అరగంట పెంచండి. మెష్ గాజు పలకకి తగలకుండా నీటి దగ్గరే ఉండాలి. మెష్ వద్దనుకుంటే ఫిట్టింగ్‌ని 18 అంగుళాల ఎత్తులో కట్టి వారానికి రెండంగుళాలు దించుతూ రావచ్చు, అదీ పనిచేస్తుంది. కొత్త బల్బు రంగు మొదటి 100 గంటల్లో కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇది 14000లా లేదని మొదటి రోజే షాపువాడితో గొడవ పెట్టుకోకండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటం

పార్ మీటర్ దొరికితే ఇసుక మీద, రాతి మధ్యలో, రాతి కొన మీద మూడు చోట్ల కొలిచి 1వ మెట్టులోని అంకెలతో పోల్చండి. ఒక్కరే కొనడం దండగ, నలుగురు రీఫ్ మిత్రులు కలిసి ఒకటి కొనుక్కోవడం మేలు. చెన్నై కొళత్తూరు రంగు చేపల షాపుల్లో ఉప్పునీటి ట్యాంకులు పెట్టేవాళ్లని అడిగితే ఎవరి దగ్గర ఉందో చెబుతారు.

లక్స్ మీటర్ ఉంటే అసలు పార్ తెలియదు, నీలం వెలుతురుని అది తక్కువగా చూపిస్తుంది. కానీ బల్బు వయసు చెప్పడానికి చక్కగా పనికొస్తుంది. మొదటి నెల చివర బల్బు కింద ఒకే చోట, ఒకే ఎత్తులో, నీటికి పైన కొలిచి ట్యాంకు స్టాండు తలుపు లోపల రాసి పెట్టండి. మూడు నెలలకోసారి అదే చోట కొలవండి. ఫోన్ యాప్‌ల అంకెలు ఫోన్‌కో రకంగా ఉంటాయి, నమ్మకండి.

మీటర్ ఏదీ లేకపోయినా కోరల్స్ చెబుతాయి. జోయాల కాడలు సాగి పైకి లేస్తుంటే వెలుతురు చాలడం లేదు. మష్రూమ్ పళ్లెంలా విపరీతంగా పరుచుకున్నా అదే మాట. మష్రూమ్ ముడుచుకుపోయి, రాయి నుంచి ఊడి నీడలోకి జారుతుంటే ఎక్కువైంది. రంగు పాలిపోవడం కూడా ఎక్కువైన గుర్తే. అప్పుడు వెంటనే గంటలు తగ్గించండి, మెష్ మళ్లీ పరచండి. లెదర్ కోరల్ మాత్రం నాలుగైదు రోజులు మూసుకుని పైపొర వదలడం మామూలే, దాన్ని చూసి కంగారుపడి లైటు మార్చకండి.

ఉష్ణోగ్రత సంగతి: లైటు ఆరే సమయానికి, వెలిగే ముందు అంకెల మధ్య తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే బాగున్నట్టే. రెండు దాటుతుంటే ఫ్యానో చిల్లరో చాలడం లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

కరెంటు పోయి వచ్చాక లైటు వెలగలేదని స్విచ్ పదేపదే నొక్కడం. వేడి మీదున్న బల్బు వెంటనే మళ్లీ వెలగదు, చల్లారడానికి 10, 15 నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఇగ్నైటర్ కొట్టుకుంటూ అరుగుతుంది. కరెంటు తరచూ పోయే పేటలో ఉంటే, వచ్చిన పావుగంటకి గానీ లైనివ్వని డిలే టైమర్ పెట్టించుకోండి, అది ఇగ్నైటర్ కన్నా చవకే.

బల్బు గాజుని ఉత్త చేత్తో పట్టుకోవడం. వేలి జిడ్డు వేడికి మాడి అక్కడ గాజు దెబ్బతింటుంది. గుడ్డతో పట్టుకోండి, తగిలితే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరాక వెలిగించండి.

గాజు పలక తుడవకపోవడం. ఉప్పు పేరుకున్న పలక వెలుతురుని నెమ్మదిగా మింగేస్తుంది, మీరు బల్బుని అనుమానిస్తారు. వారానికోసారి, పూర్తిగా చల్లారాక తుడవండి. వేడి పలక మీద తడిగుడ్డ పెడితే పగులుతుంది.

నాచు పెరిగిందని లైటుని తిట్టడం కూడా చూస్తుంటాను. ముందు నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి, పోసే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడండి. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడుతూ 14000 కెల్విన్ బల్బు మార్చినా ఫలితం ఉండదు.

బల్బు మార్చేటప్పుడు

బల్బు వెలగడం ఆగేదాకా ఆగకండి. 9 నుంచి 12 నెలలకి వెలుతురు తగ్గి, రంగు పసుపు వైపు జరుగుతుంది. లక్స్ అంకె మొదటి దానికన్నా పాతిక, ముప్పై శాతం పడిపోతే మార్చండి. రెండు బల్బులుంటే నెల తేడాతో ఒక్కొక్కటి. కొత్త బల్బు పాతదానికన్నా చాలా ప్రకాశంగా ఉంటుంది కాబట్టి ఆ వారం మెష్ రెండు పొరలు మళ్లీ వేయండి, గంటలు సగం చేయండి.

తీసిన బల్బులో పాదరసం ఉంటుంది. అట్టపెట్టెలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి, తడి చెత్తలోనో పొడి చెత్తలోనో వేయకండి. ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని గదిలోంచి పంపేసి, చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకుండా గట్టి అట్టముక్కతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని తడి కాగితంతో అద్దండి. అన్నీ మూత ఉన్న సీసాలో వేసి అదే ఈ-వేస్ట్‌వాళ్లకివ్వండి.